రెండు కుంచముల న్యాయము

ధాన్యము అప్పుగా నిచ్చునపు డొక కుంచముతోను, తిరిగి పుచ్చుకొనునపు డింకొక కుంచముతోను కొలుచువానిని ఏ గ్రామమందును మెచ్చరు. అమెరికా దేశమున జాతీయక్రీడగా పేరొందిన బేస్‌బాల్ వ్యవహారములో ఇట్టి కొలతయే గౌరవముతో సాగుచున్నది.

కూపర్స్‌టౌన్ పట్టణమున ఆ క్రీడకు కీర్తిమందిర మొకటి గలదు. ఆట విరమించినవారికి పత్రికారచయితలు వోట్లు వేయుదురు. నూటికి 75 వోట్లు వచ్చినవారికే ప్రవేశము. 2022వ సంవత్సరమున డేవిడ్ ఆర్టీజ్ మొదటి యత్నమునందే 77.9 వంతులతో ప్రవేశించెను. 609 హోమ్ రన్‌లు కొట్టిన సామీ సోసాకు తన పదవదియు కడపటిదియునగు యత్నమున 18.5 వంతులు మాత్రమే లభించెను.

ఇరువురును డొమినికన్ రిపబ్లిక్ వారే. ఇరువురిపైన నిందయు ఒకచోటనే పుట్టినది. పేర్లు గుప్తముగా నుంచబడునను ఒడంబడికపై 2003లో జరిగిన మందుల పరీక్షలో వీరు దోషులుగా తేలిరని న్యూయార్క్ టైమ్స్ పత్రిక 2009లో ప్రకటించినది. ఆ జాబితాలో పదిమందికి పైగా పేర్ల విషయమున శాస్త్రీయసందేహములు గలవని 2016లో క్రీడాధిపతి రాబ్ మాన్‌ఫ్రెడ్ ఆర్టీజ్ పక్షమున పలికెను. న్యాయమైన మాటయే. కాని ఆ సందేహఫలము సోసా కేల దక్కలేదు? శిక్షాసహితమైన పరీక్షలు నెలకొన్న పిమ్మట 2016 వరకు ఆడియు ఆర్టీజ్ పట్టుబడలేదందురు. 2007లో కడపటిసారి ఆడిన సోసాయు పట్టుబడలేదు గదా!

762 హోమ్ రన్‌లతో అగ్రగణ్యుడైన బారీ బాండ్స్‌కు ఆ సంవత్సరముననే 66 వంతులు, రోజర్ క్లెమెన్స్‌కు 65.2 వంతులు వచ్చి ద్వారము మూతపడెను. వీరిపై నారోపణలు మిక్కిలి బరువైనవే. మేము వారిని నిర్దోషులని వాదింపము. అయినను క్లెమెన్స్‌ను 2012లో న్యాయస్థానము విడిచిపెట్టినది. బాండ్స్‌పై శిక్ష 2015లో కొట్టివేయబడినది.

ఇక పాలకుల సంగతి. స్టెరాయిడ్లు నిషిద్ధములని 1991లోనే తాఖీదు వెలువడినను, పండ్రెండేండ్లవరకు పరీక్షయే లేదు. ఆటగాండ్ర సంఘము పరీక్షల నెదిరించిన మాట నిజమే. కాని 1994 సమ్మెతో విసిగిన ప్రజ, 1998లో మార్క్ మెక్‌గ్వైర్ 70, సోసా 66 హోమ్ రన్‌లు కొట్టగా మరల మైదానములు నింపినపుడు, ఆ ధనమును యజమానులు కాదనలేదు. ఆనాటి అధిపతి బడ్ సెలిగ్ 2017లో సగౌరవముగా కీర్తిమందిరము ప్రవేశించెను! పంట అనుభవించినవారు గద్దెపైన, దున్నినవారు గడపవెలుపల.

ప్రియునియెడ సందేహము రక్షయై, అప్రియునియెడ నదియే తీర్పగుచో, అది న్యాయము గాదు, అభిమానము. ఏ సాక్ష్యము చాలునో, ఏది చాలదో ముందుగా వ్రాసి ప్రకటించి, ఆటగానికిని అధిపతికిని సమముగా వర్తింపజేయుటయే కర్తవ్యము. అంతవరకు ఆ మందిరమున దొరకు కీర్తియు, దొరకని కీర్తియు సమానముగా శంకింపదగినవే.