పాతిపెట్టిన పందెపు బిళ్ళలు

అమెరికాలోని నెవాడా రాష్ట్రమున, లాస్ వేగస్ నగరపు జూదశాలలలో ధనమునకు మారుగా చెల్లుచుండు 'చిప్' అను పందెపు బిళ్ళ చూచుటకు ఆటవస్తువువలె నున్నను, నిజమునకు అది జూదశాల యజమాని మోయు ఋణభారమే. తెచ్చి చూపిన ఆటగానికి దానిపై నున్న మూల్యమును చెల్లింపవలసినదే. కావుననే శాల మూతపడినపుడో, బిళ్ళల రూపము మార్చినపుడో, వానిని మార్చుకొనుటకు కనీసము 120 దినముల గడువిచ్చి, పత్రికలలో ప్రకటించి, శేషించినవానిని నాశనముచేయు విధానమును అధికారులకు ముందుగా నివేదింపవలెనని ఆ రాష్ట్రపు నియమములు శాసించుచున్నవి.

నేడు వానిని యంత్రములలో వేసి నలుగగొట్టుదురు. పూర్వమట్లు కాదు, కొన్నింటిని ఎడారినేలలో పాతిపెట్టిరి, మరికొన్నింటిని నూతన భవనముల పునాదులలో కాంక్రీటుతో కలిపి పోసిరి. పిదప ఎన్నడో నేల త్రవ్వినపుడు బయటపడిన బిళ్ళలను సేకర్తలు సంపాదించి, అంటుకొనిన సిమెంటును ఓపికతో ఒలిచి, అంచుల రంగులను, అచ్చు గుర్తులను పరిశీలించి, అవి ఏ శాలవో, ఏ కాలమునాటివో నిర్ణయింతురు. సిమెంటు మరక మిగిలిన బిళ్ళను దోషయుక్తమని త్రోసివేయుట నాకు సమ్మతము కాదు. ఆ మరకయే దాని చరిత్రకు సాక్ష్యము.

1955లో తెరువబడిన డ్యూన్స్ జూదశాల 1993లో నేలకూలగా, ఆ స్థలముననే 1998లో బెల్లాజియో అను మరియొక జూదశాల వెలసినది. డ్యూన్స్ వంటి గతించిన శాలల జ్ఞాపకమును చేతితో తాకి తెలిసికొనుటకు నేడీ బిళ్ళలే ఆధారము. అయితే అరుదైనదని ఎంచిన రకము ఒక్కమారుగా రాశిగా దొరకినచో దాని వెల పడిపోవును. కావున కొనదలచువారు ఎన్ని మిగిలెనో విచారించిన పిమ్మటనే ధనము వెచ్చింపవలెను.