పెరటి కోళ్ల రక్షణ: తుపాకీ, చట్టం, గూడు

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
- ఆనవాళ్లను బట్టి కోళ్లను పట్టే జంతువును గుర్తించగలుగుతారు.
- ఆయుధాల చట్టం, వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ విషయంలో ఏం చెబుతున్నాయో వివరించగలుగుతారు.
- తక్కువ ఖర్చుతో భద్రమైన కోళ్ల గూడు ఏర్పాటు చేసుకోగలుగుతారు.

1. పరిచయం

వికారాబాద్ జిల్లా దౌల్తాబాద్ మండలంలో మెట్ట సేద్యం చేసే కుటుంబాలకు పెరటి కోళ్లు చేతిఖర్చుకు ఆసరా. పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండు సార్లే వస్తుంది. కోడి, గుడ్లు మాత్రం అవసరం పడిన రోజే అమ్ముకోవచ్చు. కంది ఏపుగా పెరిగిన నెలల్లో ఊరి అంచున ఉన్న ఇళ్ల దాకా అడవి జంతువులకు చాటు దొరుకుతుంది. పది పిల్లల్లో ఆరింటిని జంతువులు ఎత్తుకుపోతే ఆ ఇంటికి అది చిన్న నష్టం కాదు. అప్పుడే "ఒక చిన్న తుపాకీ కొంటే పోదా?" అనే ఆలోచన వస్తుంది.

ఈ ఆలోచనలో రెండు వేరువేరు ప్రశ్నలున్నాయి. తుపాకీని దగ్గర ఉంచుకోవచ్చా? దానితో ఆ జంతువును కాల్చవచ్చా? మొదటిదానికి అనుమతి దొరికినంత మాత్రాన రెండోదానికి దొరికినట్లు కాదు.

2. ఏ జంతువు వచ్చిందో తెలుసుకోవడం

మందు వేసే ముందు జబ్బు తెలియాలి. కింది ఆనవాళ్లను గమనించండి.

- ముంగిస: పగటిపూట వస్తుంది. మెడ, తల దగ్గర కొరుకుతుంది. గుడ్లు పగలగొట్టి తింటుంది. చిన్న సందులోంచి కూడా దూరుతుంది.
- అడవిపిల్లి: సాయంత్రం చీకటి పడ్డాక, రాత్రి వస్తుంది. కోడిని మొత్తంగా ఎత్తుకుపోతుంది. దారి పొడవునా ఈకలు కనిపిస్తాయి.
- గద్ద, డేగ: పట్టపగలు బయలులో తిరిగే పిల్లలను తన్నుకుపోతాయి.
- పాము, ఉడుము: గుడ్లు, చిన్న పిల్లలు ఈక కూడా మిగలకుండా మాయమవుతాయి.
- కుక్క: ఒకేసారి చాలా కోళ్లను చంపి, చీల్చి, అక్కడే వదిలేస్తుంది.

3. తుపాకీ లైసెన్సు

1959 ఆయుధాల చట్టం 3వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ సంపాదించడం, ఉంచుకోవడం నేరం. 2019 సవరణ తరవాత దీనికి కనీసం 2 సంవత్సరాల నుంచి 5 సంవత్సరాల వరకు జైలుశిక్ష, జరిమానా ఉంటాయి. నాటు తుపాకీకి కూడా ఇదే వర్తిస్తుంది. 21 సంవత్సరాలు నిండనివారికి సాధారణంగా లైసెన్సు ఇవ్వరు.

13వ సెక్షను కొన్ని ఉపయోగాలను పేరుపెట్టి చెప్పింది. రక్షణకు లేదా క్రీడకు 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నటి గొట్టపు తుపాకీ, నిజమైన పంట రక్షణకు మూతి నుంచి మందు కూరే తుపాకీ ఇందులో ఉన్నాయి. చిన్న తుపాకీ అని చాలామంది అనుకునే పాయింట్ 22 బోరు రైఫిలును మాత్రం షూటింగ్ క్లబ్బు సభ్యుల గురి సాధనకు పేర్కొన్నారు. పెరటి కోళ్ల ప్రస్తావన ఇందులో లేదు. ఇతర సందర్భాల్లో సరైన కారణం ఉందని లైసెన్సు అధికారి తృప్తి చెందాలి. అందుకు ముందు స్థానిక పోలీసు స్టేషను నుంచి నివేదిక తెప్పించుకుంటారు.

దౌల్తాబాద్ మండలం 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు ఈ మండలం వారికి లైసెన్సు అధికారి వికారాబాద్ జిల్లా కలెక్టరు.

2016 ఆయుధాల నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల శక్తి మించని ఎయిర్‌గన్‌కు లైసెన్సు అవసరం లేదు. దీనివల్లనే చాలామంది పొరపడతారు. ఎయిర్‌గన్ కొనడం నేరం కాకపోవచ్చు. దానితో ముంగిసను కొట్టడం నేరమే.

4. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972

పైన చెప్పిన వాటిలో కుక్క తప్ప మిగిలినవన్నీ వన్యప్రాణులు. 9వ సెక్షను వేటను నిషేధిస్తుంది. వేట అంటే చంపడం ఒక్కటే కాదు. గాయపరచడం, విషం పెట్టడం, ఉచ్చు వేయడం, వీటికి ప్రయత్నించడం కూడా వేటే. ఉడుము మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని వేటాడితే 3 నుంచి 7 సంవత్సరాల జైలుశిక్ష పడవచ్చు.

11వ సెక్షను ప్రకారం తన ప్రాణాన్ని గాని మరొక మనిషి ప్రాణాన్ని గాని కాపాడుకోవడానికి సదుద్దేశంతో చంపితే అది నేరం కాదు. ఈ మినహాయింపు కోళ్లకు వర్తించదు. రెండో షెడ్యూలు జంతువు ఆస్తికి ప్రమాదకరంగా మారితే ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా, కారణాలు చూపి అనుమతి ఇవ్వవచ్చు. ఆ నిర్ణయం రైతుది కాదు.

కుక్కను చంపినా చిక్కే. పెంపుడు కుక్కయితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను కింద, ఏ కుక్కయినా 1960 జంతుహింస నివారణ చట్టం కింద కేసు కావచ్చు.

5. తుపాకీ చేయలేని పని

చట్టాన్ని పక్కన పెట్టి చూసినా తుపాకీ ఇక్కడ అక్కరకు రాదు. అడవిపిల్లి వచ్చే వేళకు ఇంటివాళ్లు నిద్రలో ఉంటారు. గద్ద రెప్పపాటులో వచ్చి పోతుంది. పాయింట్ 22 గుండు మైలుకు పైగా పోగలదు. బండకు తగిలితే దిశ మార్చుకుంటుంది. ఇళ్లు, పశువులు, కూలీలు ఉన్న చోట అది ఎవరికి తగులుతుందో చెప్పలేం. ఒక జంతువును చంపినా గూటి సందు మూయకపోతే ఆ చోటుకు మరొకటి వస్తుంది.

6. భద్రమైన గూడు

- అడుగు: తాండూరు నాపరాతి బండలు ఈ ప్రాంతంలో సులువుగా దొరుకుతాయి. ముక్కబండలైనా సరే, సందు లేకుండా పరిస్తే ముంగిస, కుక్క కింది నుంచి తవ్వలేవు.
- గోడ: అర అంగుళం సందులున్న వెల్డ్ మెష్ బిగించాలి. బండలు లేనిచోట మెష్‌ను అడుగు లోతున పాతాలి.
- తలుపు: గడియ పెట్టాలి. పొద్దుగూకే లోపు కోళ్లను లెక్కపెట్టి మూయాలి. ఈ ఒక్క అలవాటు రాత్రి నష్టాన్ని చాలావరకు ఆపుతుంది.
- పైకప్పు: పిల్లలు తిరిగే చోట పాత వల కట్టాలి, లేదా గంప కింద ఉంచాలి.
- పరిసరాలు: గూటి చుట్టూ పొదలు కొట్టాలి. గుడ్లు రోజూ ఏరాలి. చచ్చిన కోళ్లను లోతుగా పూడ్చాలి.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి రూపొందించిన వనరాజా కోడికి పొడుగు కాళ్లు, రంగు ఈకలు ఉంటాయి. అవి తప్పించుకోవడానికి తోడ్పడతాయి. అయితే యంత్రంలో పొదిగిన పిల్లలకు కాపలా కాసే తల్లి ఉండదు. కాబట్టి 5, 6 వారాల వరకు వాటిని లోపలే పెంచి తరవాత బయటికి వదలాలి.

7. సారాంశం

తుపాకీకి లైసెన్సు ఒక అనుమతి, జంతువును కాల్చడం మరొక అనుమతి. కోళ్ల కోసం రెండూ దొరకడం అరుదు. ఆ డబ్బును బండలు, మెష్, గడియ మీద పెడితే కోళ్లు మిగులుతాయి, కేసులూ ఉండవు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. లైసెన్సు అవసరం లేని ఎయిర్‌గన్‌తో ముంగిసను కొట్టడం ఎందుకు నేరమవుతుంది?
2. మీ పెరట్లో రాత్రి ఒక కోడి పోయింది, ఈకలు దారి వెంట ఉన్నాయి. ఏ జంతువు వచ్చి ఉంటుంది? గూటిలో ఏం మార్చాలి?