తొలి ఆన్‌లైన్ దుకాణం: ముఖద్వారం కన్నా ముందు సరుకు పేజీ

సొంత వెబ్‌సైట్ ద్వారా సరుకు అమ్మాలనుకునే చిన్న వ్యాపారికి సాంకేతిక అవరోధాలు చాలావరకు తొలగిపోయాయి. నెలవారీ రుసుముపై లభించే దుకాణ వేదికలు, యూపీఐ చెల్లింపులు, ఇంటికే వచ్చి పార్శిల్ తీసుకెళ్లే కొరియర్ సేవలు అందుబాటులో ఉన్నాయి. దుకాణం తెరవడం ఒకటి రెండు రోజుల పని. కష్టమంతా ఆ తర్వాతే మొదలవుతుంది. లోపలికి వచ్చినవారు కొనకుండానే వెళ్లిపోతుంటారు.

ఆన్‌లైన్ కొనుగోళ్ల తీరును పరిశీలించే డెన్మార్క్ సంస్థ బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ పలు అధ్యయనాలను క్రోడీకరించి వేసిన సగటు ప్రకారం, వస్తువులు వేసిన ప్రతి 10 కార్ట్‌లలో దాదాపు 7 చెల్లింపు దాకా వెళ్లకుండానే ఆగిపోతున్నాయి. వీరిలో ఊరకే చూసి పోయేవారూ ఉంటారు. నిజంగా కొనాలనుకుని వెనుదిరిగేవారు చెప్పే ప్రధాన కారణాలు మాత్రం స్పష్టమైనవే: చివర్లో బయటపడే అదనపు ఖర్చులు, ఖాతా తెరవాలన్న బలవంతం, చెల్లింపు వివరాలు ఇచ్చేందుకు నమ్మకం కుదరకపోవడం. రంగులు మార్చినంత మాత్రాన ఇవి పరిష్కారమయ్యేవి కావు. ఏ సమాచారం ఏ చోట, ఏ దశలో కనిపించాలన్న ప్రణాళికతో ముడిపడినవి. పేజీల అమరిక అంటే ఆ ప్రణాళికే.

దుకాణదారు లేని దుకాణం

పోచంపల్లి ఇక్కత్ చీరలు అమ్మే చిన్న వ్యాపారిని ఉదాహరణగా తీసుకుంటే ఈ విషయం సులభంగా బోధపడుతుంది. చీరల దుకాణంలో అమ్మకం ఒక క్రమంలో సాగుతుంది. వచ్చినవారిని కూర్చోబెట్టి, ఎవరికి, ఏ సందర్భానికి, ఎంతలో కావాలని అడుగుతారు. నాలుగైదు చీరలు తీసి పరుస్తారు. నచ్చినదాని కొంగు విప్పుతారు, అంచు చూపుతారు, వెనక్కి తిప్పి నేత చూపుతారు. రంగు నిలుస్తుందా అని అడిగితే ఉతికే పద్ధతి చెబుతారు. ధర, మార్పిడి షరతులు ఆ తర్వాత మాటల్లోకి వస్తాయి.

తెర మీద ఆ మనిషి ఉండడు. కొనుగోలుదారు మనసులో పుట్టే ప్రశ్నను అతడి ముఖం చూసి గ్రహించేవారూ ఉండరు. కాబట్టి ఆ ప్రశ్నలను ముందే ఊహించి, అవి పుట్టే వరుసలోనే సమాధానాలను పేర్చవలసి ఉంటుంది.

కొత్తగా దుకాణం పెట్టేవారు సాధారణంగా హోమ్ పేజీతో పని మొదలుపెడతారు. పెద్ద బ్యానర్, కదిలే చిత్రాలు, సంస్థ చరిత్ర వంటి వాటికే వారి సమయమంతా ఖర్చవుతుంది. అయితే వాట్సాప్‌లో బంధువు పంపిన లింకు, ఇన్‌స్టాగ్రామ్ పోస్టు లేదా గూగుల్ వెతుకులాట ద్వారా వచ్చే వ్యక్తి తరచుగా నేరుగా ఒక చీర పేజీ మీదే వాలుతాడు. హోమ్ పేజీని అతడు అసలు చూడకపోవచ్చు. అందువల్ల పని క్రమం తలకిందులు కావాలి. ముందుగా సరుకు పేజీ, తర్వాత వర్గాల పేజీ, ఆపై కార్ట్, చెల్లింపు, చివరిగా హోమ్ పేజీ.

ఈ పనికి తొలిదశలో కంప్యూటర్ కూడా అక్కర్లేదు. ఫోన్ తెర ఆకారంలో కాగితాలు కత్తిరించి, ఒక్కో కాగితంపై ఒక్కో పేజీని గీతలతో గీసుకుంటే సరిపోతుంది. కాగితం మీద గడిని చెరిపి మరోచోట గీయడానికి క్షణం చాలు. నిర్మించిన పేజీని మార్చడానికి రోజులు పట్టవచ్చు.

సరుకు పేజీ: చిత్రమే సాక్ష్యం

వేలు పెట్టి తెరను జరపకముందే కనిపించే భాగంలో అయిదు అంశాలు ఉండాలి: స్పష్టమైన ఛాయాచిత్రం, వస్తువు పేరు, ధర, డెలివరీ ఖర్చు, కొనుగోలు బటన్. సరుకు కథ, నేత చరిత్ర వంటివి వాటికి దిగువన రావచ్చు.

ఛాయాచిత్రాల ఎంపిక సరుకు స్వభావాన్ని బట్టి జరగాలి. ఇక్కత్‌లో పడుగు గాని, పేక గాని, రెండూ గాని నేతకు ముందే కట్లు కట్టి రంగుల్లో ముంచుతారు. డిజైన్ నూలులోనే ఉంటుంది కాబట్టి వస్త్రం రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. ఇక్కత్ నమూనాను పైన అచ్చు వేసిన చౌక వస్త్రంలో వెనకవైపు రంగు సాధారణంగా వెలిసినట్లు ఉంటుంది. కాబట్టి చీర వెనకవైపు తీసిన ఒక్క చిత్రం నేత అసలుదని చూపే సాక్ష్యంగా నిలుస్తుంది. నిండు చీర, కొంగు, అంచు, వెనకవైపు, దగ్గరగా తీసిన నేత అన్న వరుసలో అయిదు చిత్రాలు పగటి వెలుతురులో తీసి పెడితే దుకాణంలో చీర విప్పి చూపినంత పని జరుగుతుంది.

ఇక్కత్‌కు మరో లక్షణం ఉంది. నమూనా అంచుల వద్ద రంగులు కొద్దిగా ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయినట్లు ఉంటాయి. తెలియనివారు దానిని లోపమని భావించి చీరను తిప్పి పంపవచ్చు. అది ఈ నేత సహజ గుణమని చిత్రం పక్కనే ఒక వాక్యం ఉంటే ఆ సమస్య ఉండదు. చీర పొడవు, జాకెట్ ముక్క ఉందా లేదా, నూలా పట్టా, ఎలా ఉతకాలి, హ్యాండ్‌లూమ్ మార్క్ లేదా సిల్క్ మార్క్ ఉందా అన్న వివరాలను పేరాలుగా కాకుండా చిన్న పట్టికగా ఇవ్వడం మేలు. తెరపై చదివేవారు ప్రతి పదాన్నీ వరుసగా చదవరని, పై వరుసలనూ ఎడమ అంచునూ ఎక్కువగా తడుముతూ పోతారని కంటిచూపు కదలికలపై చేసిన పరిశోధన ఆధారంగా అమెరికా సంస్థ నీల్సన్ నార్మన్ గ్రూప్ 2006లోనే వెల్లడించింది.

వర్గాలు: అమ్మేవారి భాష, కొనేవారి భాష

నేత కుటుంబానికి చీరలను నూలు నంబరును బట్టి, డిజైన్ పేరును బట్టి విభజించడం సహజం. కొనేవారు వాటిని ధర, రంగు, సందర్భం బట్టి వెతుకుతారు. ఈ తేడాను గుర్తించేందుకు ఒక సులభమైన పద్ధతి ఉంది. 30 వస్తువుల పేర్లనో చిత్రాలనో విడివిడి చీటీలపై పెట్టి, వ్యాపారంతో సంబంధం లేని అయిదారుగురికి ఇచ్చి, తమకు తోచినట్లు గుంపులు చేయమని అడగాలి. వారు చేసిన గుంపులే వర్గాలు, వారు వాటికి పెట్టిన పేర్లే మెనూ పేర్లు.

వర్గాల సంఖ్య తక్కువగా ఉండాలి. 40 చీరలున్న దుకాణానికి 15 వర్గాలు పెడితే సగం అరలు ఖాళీగా కనిపిస్తాయి. పట్టు చీరలు, నూలు చీరలు, దుప్పట్టాలు అన్న మూడు వర్గాలు, ధరను బట్టి వడపోసే సౌకర్యం తొలి ఏడాదికి సరిపోతాయి. చేనేతలో చాలా చీరలు ఒక్కొక్కటే ఉంటాయి. అమ్ముడుపోయిన చీర పేజీని తొలగిస్తే పాత లింకు ద్వారా వచ్చినవారికి ఖాళీ తెర ఎదురవుతుంది. దానికి బదులు ‘అమ్ముడైంది’ అని సూచించి, అదే తరహా చీరలను దిగువన చూపడం ఉత్తమం.

కార్ట్ నుంచి చెల్లింపు దాకా

చెల్లింపు దశలో ఒక్క బటన్ ఎంత ప్రభావం చూపగలదో అమెరికా నిపుణుడు జేరెడ్ స్పూల్ 2009లో ఒక వ్యాసంలో వివరించారు. ఒక పెద్ద ఆన్‌లైన్ విక్రయ సంస్థలో కొనుగోలుకు ముందు ఖాతా నమోదు తప్పనిసరిగా ఉండేది. ఆ బటన్‌ను తొలగించి, ఖాతా అవసరం లేదని చెబుతూ ‘కొనసాగించండి’ అన్న బటన్ పెట్టడంతో కొనుగోళ్లు పూర్తిచేసినవారి సంఖ్య 45 శాతం పెరిగిందని, తొలి ఏడాదిలో 30 కోట్ల డాలర్ల అదనపు రాబడి వచ్చిందని ఆయన పేర్కొన్నారు. సంస్థ పేరును ఆయన వెల్లడించలేదు. చిన్న దుకాణానికి ఆ అంకెలు వర్తించకపోయినా పాఠం వర్తిస్తుంది. కొనేవారిని పేరు, చిరునామా, ఫోన్ నంబరు మించి అడగవలసిన అవసరం అరుదు.

డెలివరీ ఖర్చు విషయం కూడా అలాంటిదే. 1,800 రూపాయల చీర చివరి పేజీలో 1,950 రూపాయలైతే, ఆ 150 రూపాయల కన్నా దాచి ఉంచారన్న భావనే ఎక్కువ బాధిస్తుంది. పిన్‌కోడ్ అడిగి సరుకు పేజీలోనే ఖర్చు, చేరే తేదీ చూపడం సరైన అమరిక.

చట్టం కోరే చోట్లు

అమరికలో కొంత భాగం వ్యాపారి ఇష్టానికి వదిలినది కాదు. 2020 జులైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు, సొంత సరుకును సొంత వెబ్‌సైట్‌లో అమ్మేవారికీ వర్తిస్తాయి. వాటి ప్రకారం సంస్థ చట్టబద్ధమైన పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు స్పష్టంగా కనిపించాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేసి, నెలలోపు పరిష్కరించాలి. మొత్తం ధరను ఒకే అంకెగా చూపి, అందులో పన్ను, డెలివరీ వంటివి ఎంతెంతో విడమరచాలి. ముందే టిక్ పెట్టి ఉంచిన గడిని కొనుగోలుదారు సమ్మతిగా పరిగణించరాదు.

వీధి దుకాణాల్లో కనిపించే ‘ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న బోర్డును కొందరు యథాతథంగా వెబ్‌సైట్‌లోకి తెస్తుంటారు. లోపమున్న సరుకును, వర్ణించిన దానికి భిన్నంగా ఉన్న సరుకును వెనక్కి తీసుకోవడానికి నిరాకరించరాదని ఈ నిబంధనలు చెబుతున్నాయి. అందువల్ల వాపసు షరతులను ఎక్కడో అట్టడుగున దాచకుండా, కొనుగోలు బటన్‌కు దగ్గరగా ఒక వాక్యంలో చెప్పి, పూర్తి వివరాలకు లింకు ఇవ్వడం మంచిది.

పచ్చళ్లు, పూతరేకుల వంటి ప్యాక్ చేసిన సరుకు అమ్మేవారికి తూనికలు కొలతల చట్టం కింద మరికొన్ని బాధ్యతలున్నాయి. తయారీదారు పేరు, చిరునామా, నికర పరిమాణం, గరిష్ఠ చిల్లర ధర వంటి వివరాలు ప్యాకెట్ మీదే కాకుండా తెర మీదా ఉండాలి. సరుకు పేజీ గీసుకునేటప్పుడే వీటికి చోటు కేటాయించుకోవాలి.

కొనుగోలుదారును తప్పుదోవ పట్టించే డిజైన్లను నిరోధించేందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు జారీచేసింది. ‘డార్క్ ప్యాటర్న్స్’గా పేర్కొనే 13 పద్ధతులను అందులో గుర్తించింది. నిజం కాకపోయినా ‘రెండే మిగిలాయి’ అని తొందరపెట్టడం, అడగకుండా కార్ట్‌లో మరో వస్తువు చేర్చడం, ధరను విడతలుగా బయటపెట్టడం వాటిలో ఉన్నాయి. సిద్ధంగా దొరికే టెంప్లేట్‌లలో గడియారం పరుగెత్తే బ్యానర్లు ఉంటే, ఆ గడువు నిజమైనది కానప్పుడు వాటిని తొలగించుకోవడం వ్యాపారి బాధ్యత.

తెలుగు అక్షరానికి తగిన చోటు

తెలుగులో దుకాణం నడపాలనుకునేవారు మరో అంశం గమనించాలి. టెంప్లేట్‌లు ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల కొలతలతో తయారవుతాయి. ‘వస్త్రాలు’ వంటి మాటలో అక్షరం కింద వత్తులు వరుసకడతాయి. వరుసల మధ్య ఎడం తక్కువైతే అవి కింది వరుసతో కలిసిపోతాయి, లేదా సగం తెగిపోతాయి. ఎడం పెంచడం, తెలుగు మాటల నిడివికి తగినట్లు బటన్లు వెడల్పు చేయడం అవసరం. ముద్రణకు వాడే పాత ఫాంట్‌లలో టైపు చేసిన పాఠాన్ని నేరుగా వెబ్‌లో పెడితే అర్థంకాని గుర్తులుగా మారుతుంది. దాన్ని చిత్రంగా మార్చి పెడితే వెతుకులాటలో దొరకడం కష్టం. యూనికోడ్ తెలుగే ఇందుకు పరిష్కారం.

పదాల ఎంపికలోనూ వాడుకకే పెద్దపీట వేయాలి. కార్ట్, డెలివరీ, రిటర్న్ అన్నవి కొనేవారి నోట నానిన మాటలు. వాటి స్థానంలో కొత్తగా అల్లిన పదాలు పెడితే డబ్బు చెల్లించే క్షణంలో చదువరి ఆగి ఆలోచించవలసి వస్తుంది.

చివరిగా హోమ్ పేజీ

ఈ పేజీలన్నీ సిద్ధమయ్యాక హోమ్ పేజీ పని తేలికవుతుంది. దుకాణం ఏమి అమ్ముతుందో చెప్పే ఒక వాక్యం, మూడు వర్గాలకు దారులు, ఆరేడు చీరల చిత్రాలు, నేసేవారి గురించి నాలుగు మాటలు, సంప్రదింపు వివరాలు సరిపోతాయి. బరువైన బ్యానర్లు పేజీని నెమ్మదింపజేస్తాయి. తెరపై ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించడాన్ని గూగుల్ మంచి వేగంగా పరిగణిస్తుంది. చిత్రాల పరిమాణం తగ్గించి అప్‌లోడ్ చేస్తే ఆ వేగాన్ని అందుకోవడం చాలావరకు సులభమవుతుంది.

దుకాణం తెరవడానికి ముందు చివరి పరీక్ష మిగిలి ఉంటుంది. సాధారణ ఫోన్, మొబైల్ డేటా ఉన్న అయిదుగురిని ఒక్కొక్కరిగా పిలిచి, ఒక చీరను ఎంచుకుని చెల్లింపు దాకా వెళ్లమని కోరాలి. అయిదుగురితో చేసే పరీక్షలోనే అధికభాగం లోపాలు బయటపడతాయని వినియోగ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో సూచించారు. పరీక్ష సాగుతున్నంతసేపూ వ్యాపారి మౌనంగా ఉండాలి. దారి చూపకూడదు, వివరణ ఇవ్వకూడదు. ఎక్కడ వేలు ఆగిందో, ఏ ప్రశ్న నోటి నుంచి వచ్చిందో రాసుకోవాలి. దుకాణం తెరిచాక అదే చోట ఆగే కొనుగోలుదారు ప్రశ్న అడగకుండానే వెళ్లిపోతాడు.