డీజిల్ ఇంజను ‘టకటక’మని యేల మ్రోగును?

శీతకాలపు వేకువను ట్రాక్టరు కదలనారంభించినపుడు వినవచ్చు కఠోరమైన ‘టకటక’ ధ్వనిని, ఇంజను వేడెక్కిన పిదప అది మెత్తబడుటను మీరు గమనించియే యుందురు.

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. పిస్టను గాలిని 16వ వంతునకో, 18వ వంతునకో కుదింపగా, ఆ యొత్తిడి చేతనే గాలి మిక్కిలి వేడెక్కి, అందు తుంపరగా చిమ్మబడిన నూనెను మండించును. అయితే నూనె పడిన క్షణముననే మంట పుట్టదు. తుంపర ఆవిరియై గాలితో కలిసి రగులుకొనుటకు రవంత కాలము పట్టును. ఆ లోపల పోగుపడిన ఆవిరి యంతయు ఒక్కసారిగా భగ్గుమనుటచే ఒత్తిడి హఠాత్తుగా పెరిగి చప్పుడు పుట్టుచున్నది. చల్లని యింజనులో ఆ విలంబము హెచ్చు. కావున చప్పుడును హెచ్చు. తక్కిన నూనె గాలి దొరకిన కొలదిని నెమ్మదిగా మండును.

కంటికి కానరాని యీ దహనమును గణితమున బంధించు సుందరమైన సూత్రమొకదానిని సోవియట్ ఇంజనీరు ఇవాన్ వీబె రచించెను. మంట మొదలైన పిమ్మట, పిస్టను త్రిప్పు క్రాంకు తిరిగిన కోణమును దహనమునకు పట్టు మొత్తము కోణముతో భాగింపుడు. సగము దూరము వచ్చినదనుకొందము: 0.5. దాని వర్గము 0.25, దానిని 6.908తో గుణించిన 1.727. ఇప్పుడు 2.718 అను సంఖ్యను ఆ 1.727 ఘాతమున కెత్తి, దానితో ఒకటిని భాగించిన 0.178 వచ్చును. అదియే మండక మిగిలిన పాలు. అనగా నూటికి 82 పాళ్లు అప్పటికే మండిపోయినవి! 6.908 ఏల? కోణము ముగియుసరికి వెయ్యింట ఒకపాలు మాత్రమే మిగులునట్లు.

వర్గమునకు బదులు వేరొక ఘాతమును గ్రహించిన, ఈ సూత్రము గీచు వక్రరేఖ యాకృతి మారును. డీజిల్ మంటకు ఒక్క రేఖ చాలదు. తొలి భగ్గునకొకటి, తరువాతి నెమ్మది మంటకొకటి గీచి, రెంటిని కూడి, సిలిండరులో కొలిచిన ఒత్తిడితో సరిపోవు వరకు ఇంజనీర్లు సవరించుచుందురు.