తారు రోడ్డుకీ అలసట ఉంది

"మా వీధిలో కార్లే తిరుగుతాయండీ, మరి రోడ్డంతా ఈ బీటలేమిటి?" అని పోయిన వారం ఒక పెద్దాయన ఫోన్లో అడిగారు. వారానికోసారి చెత్త బండి వస్తుందా అని నేను ఎదురు ప్రశ్న వేశాను. వస్తుందట.

చక్రం ఎక్కినప్పుడల్లా తారు రోడ్డు కంటికి తెలియనంతగా కిందికి వంగుతుంది. పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగుతుంది. తీగని అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి తెగినట్లే, అడుగున సన్నటి బీట మొదలవుతుంది. దీన్నే మా ఇంజనీర్లు అలసట అంటారు. అది పైకి తేలి, మొసలి చర్మంలా అల్లుకుని మనకి కనిపించేసరికి లోపల జరగాల్సింది చాలావరకు జరిగిపోయి ఉంటుంది. (మందపాటి రోడ్లలో పైనుంచి కిందికి దిగే బీటలూ ఉన్నాయి, అది వేరే కథ.)

ఏ బరువుకి ఎంత నష్టం? ఇల్లినాయి రాష్ట్రంలో ఒటావా ఊరి దగ్గర 1958 నుంచి 1960 దాకా దీని మీద పెద్ద పరీక్ష జరిగింది. ప్రత్యేకంగా వేసిన రోడ్ల మీద సైనికులు రెండేళ్ళు లారీలు తిప్పారు. నష్టం సుమారుగా బరువు నాలుగో ఘాతంతో పెరుగుతుందని తేలింది. కారు ఇరుసు మీద 2,000 పౌన్లు, బరువైన బండి ఇరుసు మీద 18,000 పౌన్లు అనుకోండి. బరువు తొమ్మిది రెట్లు, నష్టం 6,500 రెట్ల పైమాట! 1974లో ఇంటర్‌స్టేట్ రోడ్ల మీద ఒంటి ఇరుసు పరిమితిని 18,000 నుంచి 20,000 పౌన్లకి పెంచారు. పదకొండు శాతమే కదా అనిపిస్తుంది. ఈ లెక్కన నష్టం ఒకటిన్నర రెట్లు.

ఇది అనుభవం మీద వచ్చిన లెక్క. బీట ఎలా పెరుగుతుందో ఇది చెప్పదు. 1960ల మొదట్లో పాల్ పారిస్ లోహాల విషయంలో ఆ సంగతి తేల్చారు: బీట కొసన పేరుకునే ఒత్తిడిని బట్టి అది ఒక్కో దెబ్బకి ఎంత ముందుకి జరుగుతుందో చెప్పవచ్చు. బీట పొడుగయ్యే కొద్దీ కొసన ఒత్తిడి పెరుగుతుంది, నడకా జోరందుకుంటుంది, చక్రవడ్డీ లాగా.

అయితే తారు లోహం కాదు. ఎండకి మెత్తబడుతుంది, చలికి పెళుసవుతుంది, బండికీ బండికీ మధ్య విరామం దొరికితే చిన్న బీటలు కొంత అతుక్కుంటాయి కూడా. ఇలాంటి పదార్థాలలో బీటల సిద్ధాంతాన్ని టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌లో రిచర్డ్ షేపరీ 1970లలో రాశారు. ప్రయోగశాలలో దిమ్మె కన్నా అసలు రోడ్డు ఎక్కువ కాలం నిలవడానికి ఈ అతుకు ఒక కారణం. ఆస్ఫాల్ట్ ఇన్‌స్టిట్యూట్ సూత్రం ప్రయోగశాల ఫలితాన్ని ఏకంగా 18.4 తో హెచ్చవేస్తుంది. అంత పెద్ద సర్దుబాటు చూస్తే నాకు ఇప్పటికీ కాస్త సిగ్గుగానే ఉంటుంది.

ఇక పెద్దాయన వీధి సంగతి. విడివిడి బీటలే ఉంటే నీళ్ళు దిగకుండా ఇప్పుడే పూడ్పించాలి. మొసలి చర్మం వచ్చేస్తే మాత్రం పైన పలచగా కొత్త తారు పరిచి లాభం లేదు, పాత బీట కొత్త పొరలోకీ ఎక్కుతుంది. అక్కడివరకూ తవ్వి మళ్ళీ వేయమని సిటీ మీటింగులో అడగండి.