కంప్రెసర్ కొనేముందు ఒక కేబుల్ కొనండి: రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో అనలాగ్ గేర్ వాడేదెలా?

హోమ్ స్టూడియో వీడియోల్లో ర్యాక్ నిండా మెరిసే వీయూ మీటర్లు చూస్తే, "మన టేబుల్ మీదా ఒకటుంటే!" అనిపించడం సహజం. 1960లలో వచ్చిన ఎల్‌ఏ-2ఏ, 1176 కంప్రెసర్లకు ఇవాళ ప్లగిన్లూ ఉన్నాయి, వాటి తరహాలో తయారైన కొత్త హార్డ్‌వేరూ దొరుకుతోంది. సరే, బాక్స్ కొన్నారనుకుందాం. ల్యాప్‌టాప్‌లోని వోకల్ ట్రాక్ అందులోకి ఎలా వెళ్తుంది, తిరిగి ఎలా వస్తుంది? జేబులోంచి డబ్బు తీసేముందు ఈ రాకపోకల సంగతి తేల్చుకోవాలి.

ముందు పోర్టులు లెక్కపెట్టండి

ప్లగిన్ పని మొత్తం ప్రాసెసర్‌లోనే అయిపోతుంది. హార్డ్‌వేర్ అయితే ఇంటర్‌ఫేస్‌లోని డీఏసీ సిగ్నల్‌ని వోల్టేజ్‌గా మార్చి లైన్ అవుట్‌పుట్ నుంచి బయటికి పంపుతుంది. కంప్రెసర్ తన పని చేశాక ఏడీసీ దాన్ని మళ్లీ డిజిటల్ చేస్తుంది. కోడింగ్ వాళ్ల భాషలో చెప్పాలంటే, లోకల్ ఫంక్షన్ బదులు బయటి సర్వర్‌కి ఏపీఐ కాల్ కొట్టినట్టు.

రెండే అవుట్‌పుట్లున్న ఇంటర్‌ఫేస్‌లో ఆ రెండూ స్పీకర్లకే సరిపోతాయి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 4ఐ4 లాగా నాలుగు లైన్ అవుట్‌పుట్లుంటే దారి దొరికినట్టే. మోనో కంప్రెసర్‌కి ఒక అవుట్, ఒక ఇన్ చాలు. స్టీరియోకి రెండేసి కావాలి.

అసలు తలనొప్పి లేటెన్సీ

48 కిలోహెర్ట్జ్ దగ్గర 256 శాంపిల్స్ బఫర్ అంటే సుమారు 5.3 మిల్లీసెకన్లు. పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి కలిపి 10.7. కన్వర్టర్ల ఆలస్యం దీనికి అదనం. సరిచేయకపోతే వోకల్ డ్రమ్స్ కంటే వెనకబడుతుంది. ఒరిజినల్ ట్రాక్‌నీ కంప్రెస్ అయినదాన్నీ కలిపి వాడితే ఇంకా ఘోరం. 1 మిల్లీసెకను తేడా ఉన్నా 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర సౌండ్ క్యాన్సిల్ అవుతుంది, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది.

దీనికి సాఫ్ట్‌వేర్‌లోనే మందుంది. రీపర్‌లో రియాఇన్సర్ట్, లాజిక్‌లో ఐ/ఓ ప్లగిన్ ఒక పింగ్ పంపి ఆలస్యాన్ని కొలుస్తాయి. క్యూబేస్ ఎక్స్‌టర్నల్ ఎఫ్ఎక్స్‌లోనూ కొలిచే బటన్ ఉంది. ఏబుల్టన్ లైవ్‌లో ఎక్స్‌టర్నల్ ఆడియో ఎఫెక్ట్‌కి ఆ విలువ మనమే ఇవ్వాలి.

కేబుల్ టెస్ట్

నేను రీపర్‌లో చేసేది ఇదీ. ఖాళీ అవుట్‌పుట్ నుంచి ఖాళీ లైన్ ఇన్‌పుట్‌కి ఒక టీఆర్ఎస్ కేబుల్ నేరుగా కలుపుతాను. ఆ ఇన్‌పుట్ మానిటరింగ్ ఆఫ్‌లో ఉండాలి, లేకపోతే ఫీడ్‌బ్యాక్ కొడుతుంది. పింగ్ చేశాక ఒక డ్రమ్ ట్రాక్‌ని ఆ దారిలో తిప్పి కొత్త ట్రాక్‌గా రికార్డ్ చేస్తాను. లెవెల్ సమానం చేసి, కొత్తదాని పోలారిటీ తిప్పి, రెండూ కలిపి ప్లే చేస్తాను. దాదాపు నిశ్శబ్దం వస్తే రాకపోకలు కరెక్ట్. హై-హ్యాట్ ఇంకా గట్టిగా వినిపిస్తోందంటే టైమింగ్ తప్పింది. బఫర్ సైజు, శాంపిల్ రేటు మార్చిన ప్రతిసారీ మళ్లీ పింగ్ చేయాల్సిందే.

లెవెల్ కుదరాలి

ప్రొఫెషనల్ గేర్ +4 డీబీయూ, అంటే 1.23 వోల్టుల దగ్గర పనిచేస్తుంది. మామూలు గేర్‌ది −10 డీబీవీ, 0.316 వోల్టులు. తేడా దాదాపు 12 డీబీ. −18 డీబీఎఫ్ఎస్‌లో 1 కిలోహెర్ట్జ్ టోన్ పంపి, కంప్రెసర్ బైపాస్‌లో పెట్టి, తిరిగొచ్చేదీ −18 చూపేలా సెట్ చేయండి. ఇన్‌పుట్ లైన్ మోడ్‌లో ఉండాలి, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆఫ్‌లో ఉండాలి.

కొనాలా, వద్దా?

హార్డ్‌వేర్‌కి కాపీ-పేస్ట్ లేదు. ఒకే బాక్స్‌తో 4 నిమిషాల పాటలో ఆరు ట్రాకులు చేస్తే, ఒక్కోదాన్ని పూర్తిగా ప్లే చేస్తూ 24 నిమిషాలు. సెట్టింగ్స్ సేవ్ కావు కాబట్టి నాబ్‌లకి ఫోన్‌తో ఫొటో తీసి ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో పడేయాలి.

అందుకే నా సలహా: మిక్సింగ్ మాత్రమే చేసేవాళ్లకి ప్లగిన్లు చాలు. ఎక్కువగా గొంతులు రికార్డ్ చేసేవాళ్లయితే మైక్, ప్రీయాంప్, కంప్రెసర్, ఇంటర్‌ఫేస్ అనే వరసలో వాడండి. సిగ్నల్ ఒకేసారి డిజిటల్ అవుతుంది, రాకపోకల గొడవే ఉండదు. కాకపోతే దానికి అన్‌డూ లేదు, కంప్రెషన్ కొంచెమే పెట్టండి.

ఎలా వాడాలనుకున్నా, కొనేముందు తెలిసిన స్టూడియోలో హార్డ్‌వేర్ ట్రాక్‌నీ ప్లగిన్ ట్రాక్‌నీ ఒకే లౌడ్‌నెస్‌లో, ఏది ఏదో తెలియకుండా వినండి. లౌడ్‌గా ఉన్నదే బాగున్నట్టు చెవి మోసపోతుంది. ఆ తేడా పదిసార్లలో తొమ్మిదిసార్లు పట్టగలిగితే బాక్స్ తీసుకోండి. లేదంటే ఆ డబ్బు గదిలో అకౌస్టిక్ ప్యానెళ్లకి పెట్టండి. రికార్డింగ్‌లో గది ఎకో తగ్గడం మొదటి టేక్‌లోనే వినిపిస్తుంది.