సొట్టకు సాక్షి ఎవరు?

రెండు కార్లు రాసుకున్నాయి. మనుషులకేమీ కాలేదు. పోలీసులు వస్తారా? వచ్చి ఏం చేస్తారు?

"ఎవరికైనా దెబ్బలు తగిలాయా?"

యాక్సిడెంట్ అయిందని 100కో 112కో ఫోన్ చేసినవాళ్లు ముందుగా జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇదే. "లేదండీ, బంపరు ఊడింది, డోరు సొట్టపోయింది" అనగానే ఆ కాల్ వరుసలో వెనక్కి పోతుంది. పోవాలి కూడా. అదే నిమిషంలో ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎవరో రక్తపు మడుగులో పడి ఉండొచ్చు. 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు నమోదైతే వాటిలో 1,68,491 మంది చనిపోయారు. ఇన్ని శవాలకు పంచనామా రాయాల్సిన పోలీసులను సొట్ట కోసం పరుగెత్తుకు రమ్మని అడగడం భావ్యం కాదు.

అలాగని వాళ్లు అసలు రారనీ కాదు. పెట్రోలింగ్ బండి దగ్గర్లో ఉంటే వస్తుంది. కూడలిలో అయితే ట్రాఫిక్ కానిస్టేబుల్ అక్కడే ఉంటాడు. వచ్చీరాగానే రెండు బండ్లనూ పక్కకు తీయిస్తాడు. వెనక ఫ్లైఓవర్ పొడుగునా హారన్లు మోగుతుంటే ఇంకేం చేస్తాడు? ఆ తర్వాత, "మీరూ మీరూ మాట్లాడుకోండి, కాదంటే స్టేషన్‌కి నడవండి" అంటాడు. చాలాచోట్ల కేసు కట్టేది ట్రాఫిక్ వాళ్లు కాదు, ఆ ప్రాంతపు లా అండ్ ఆర్డర్ స్టేషన్. బండ్లు పక్కకు తీయించడానికీ స్టేషన్‌కు నడవమనడానికీ మధ్య జరగాల్సిన పని ఒకటుంది. ఎవరి బండి ఎటు నుంచి వచ్చింది, ఎక్కడ తగిలింది, ఎవరెవరు ఉన్నారు అని నాలుగు ముక్కలు రాసిపెట్టడం. అది ఎవరూ చేయరు. నా బాధంతా దాని గురించే.

చట్టం ఏమంటోందో చూద్దాం. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం మనిషికి దెబ్బ తగిలినా, ఎదుటివాళ్ల ఆస్తికి నష్టం జరిగినా డ్రైవరు కొన్ని పనులు చేసి తీరాలి. గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడాలి. పోలీసులు అడిగితే వివరాలు చెప్పాలి. అక్కడ పోలీసులెవరూ లేకపోతే వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు, దగ్గర్లోని స్టేషన్‌కు వెళ్లి జరిగింది చెప్పాలి. బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. చేయకపోతే 187వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఎదుటివాళ్ల కారు డోరు కూడా ఆస్తే కదా! అంటే చిన్న సొట్ట పడినా స్టేషన్‌కు చెప్పాల్సిన బాధ్యత డ్రైవరుదే. పోలీసులు అక్కడికి వచ్చి తీరాలని మాత్రం ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. ఒక విషయం గమనించండి. జనం మీద పడి కొడతారన్న పరిస్థితి ఉంటే గాయపడినవాళ్లకు సాయపడే బాధ్యత నుంచి డ్రైవరుకు ఆ సెక్షనే మినహాయింపు ఇస్తోంది. మన రోడ్డు మీద గుంపు ఎలా ఉంటుందో చట్టం రాసినవాళ్లకు బాగా తెలుసు.

మరి కేసు ఎందుకు కట్టరు? పొరపాటున ఒకరి కారుకు నష్టం చేయడం నేరం కాదు. పరిహారం చెల్లించాల్సిన సివిల్ వ్యవహారం. కావాలని పాడుచేస్తేనే నేరమవుతుంది. భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్ నిర్లక్ష్యపు డ్రైవింగ్‌ను శిక్షిస్తుంది. అయితే అది చూసేది ప్రాణాల మీదికి తెచ్చేలా, ఎదుటివాళ్లకు గాయమయ్యేలా నడిపారా లేదా అన్నది. సిగ్నల్ దగ్గర నత్తనడకన కదులుతూ ముందు కారును తాకినవాడు ఆ లెక్కలోకి రావడం కష్టం. ఎస్సై "ఇందులో కేసేముంది?" అన్నప్పుడు చాలాసార్లు ఆయన చెప్పేది చట్టప్రకారం సరైన మాటే.

స్టేషన్ గడప తొక్కడానికి మనకూ మనసొప్పదు. కేసంటూ అయితే బండి స్టేషన్ ఆవరణలో ఉండిపోతుందన్న భయం. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడాలి, ఆయన రిపోర్టు ఇవ్వాలి, ఆ తర్వాత విడిపించుకోవాలి. తనిఖీకి తీసుకెళ్లిన బండిని లాంఛనాలు ముగించి 24 గంటల్లో తిరిగి ఇవ్వాలని 136వ సెక్షన్ చెబుతోంది. ఆ మాట అడిగేవాళ్లు తక్కువ, చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. రోజు కూలీ మీద ఆటో నడిపేవాడికి బండి రెండు రోజులు ఆగిందంటే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే తప్పు తనది కాకపోయినా "స్టేషన్ వద్దన్నా" అంటాడు.

ఇక మిగిలింది రోడ్డు మీద పంచాయితీ. ఒక పెద్ద కారు అద్దం, ఆటో పక్క కడ్డీకి తగిలి విరిగిందనుకుందాం. కారాయన దిగుతూనే ఆటో తాళం చెవి లాగేసుకుంటాడు. "అద్దం ఎంతో తెలుసా నీకు?" ఆటోవాలా, "నేను ఆగే ఉన్న సార్, మీరే కొట్టిన్రు" అంటాడు. బైకుల మీద పోతున్న నలుగురు ఆగుతారు. ఇద్దరు పెద్ద బండివాడిదే తప్పంటారు. ఇంకొకాయన ఆటోవాళ్లంతా ఇంతేనంటాడు. జరిగింది చూసినవాళ్లు ఈలోపు వెళ్లిపోతారు. కారు అద్దం మీద ఏదో స్టిక్కరు ఉంటే మాట తీరు మారిపోతుంది. పది నిమిషాల తర్వాత ఎవరో ఒకరు ఫోన్ తీసి స్కాన్ చేస్తారు. డబ్బు ఎవరి నుంచి ఎవరికి పోయింది అన్నదానికీ తప్పు ఎవరిది అన్నదానికీ సంబంధం ఉండదు. కర్ర ఉన్నవాడిదే బర్రె. ఒంటరిగా కారు నడుపుకుంటూ వెళ్లే ఆడవాళ్లను అడగండి. తప్పు తమది కాదని తెలిసీ, ఆ గుంపులోంచి బయటపడితే చాలని డబ్బులిచ్చి వచ్చిన సంగతి చాలామంది చెబుతారు.

బీమా ఉంది కదా అంటారా? ఉంది. థర్డ్ పార్టీ పాలసీ లేకుండా బండి రోడ్డెక్కకూడదు. ప్రైవేటు కారు పాలసీలో ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి సాధారణంగా 7.5 లక్షల రూపాయల వరకు రక్షణ ఉంటుంది. కానీ ఆ డబ్బు అందుకోవాలంటే నష్టపోయినవాడు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. నష్టం 2,000 రూపాయలు దాటితే కావాలనుకున్నవాళ్లు సివిల్ కోర్టుకూ వెళ్లొచ్చు. డెంటింగు, పెయింటింగు కలిపి కొన్ని వేలయ్యే డోరు కోసం వకీలును పెట్టుకుని వాయిదాలకు తిరిగేదెవరు? అందుకే నష్టపోయినవాడు తన సొంత పాలసీ మీదే క్లెయిమ్ చేసుకుంటాడు. ఫొటోలు పంపితే, సర్వేయరు చూస్తే పని అయిపోతుంది. ఇలాంటి చిన్న క్లెయిములకు ఎఫ్ఐఆర్ సాధారణంగా అడగరు. కానీ ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా 50 శాతం దాకా పెంచుకున్న నో క్లెయిమ్ బోనస్ ఆ ఒక్క సొట్టతో పోతుంది. తప్పు చేసినవాడికి మాత్రం ఏ నష్టమూ లేదు. ప్రతి బండికీ బీమా తప్పనిసరి చేసిన చట్టం, చిన్న నష్టానికి ఆ బీమాను అందుకునే దారి మాత్రం వేయలేదు.

గల్ఫ్‌లో బండి నడిపి వచ్చిన కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల డ్రైవర్లను కదిలిస్తే వేరే కథ వినిపిస్తుంది. దుబాయిలో పోలీసు కాగితం లేనిదే గ్యారేజీవాళ్లు బంపరు ముట్టుకోరు. చిన్న తాకిడైతే యాప్‌లోనే రిపోర్టు తీసుకోవచ్చు. సౌదీలో మనుషులకు దెబ్బలు తగలని ప్రమాదాలకు నజ్మ్ అనే సంస్థ మనిషి వస్తాడు. ఫొటోలు తీసుకుని, ఎవరి తప్పు ఎంతో తేల్చి కాగితం ఇస్తాడు. గాయాలుంటే ట్రాఫిక్ పోలీసులు దిగుతారు. గొంతు పెంచాల్సిన పని ఎవరికీ ఉండదు.

అమెరికాలోనూ అన్నిచోట్లా ఒకే పద్ధతి లేదు. లాస్ వెగాస్ పోలీసులు గాయాలు లేని ప్రమాదాలకు రాబోమని 2014లో ప్రకటించి, విమర్శలొచ్చాక మళ్లీ రావడం మొదలుపెట్టారు. ఫ్రాన్స్ వాళ్లది నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి. కారులో ఎప్పుడూ ఒక ఫారం ఉంటుంది. ఒకే కాగితం మీద రెండు వరుసలు, ఇద్దరు డ్రైవర్లకు చెరొకటి. ఆగి ఉన్నానా, వెనక్కి తీస్తున్నానా, లేన్ మారుతున్నానా అని గళ్లలో గుర్తు పెట్టాలి. కింద రోడ్డు బొమ్మ గీసి ఎవరి బండి ఎటుందో చూపించాలి. ఇద్దరూ సంతకం చేసి చెరో ప్రతి తీసుకుని, ఐదు పనిదినాల్లో ఎవరి బీమా కంపెనీకి వాళ్లు పంపుతారు. డబ్బు సంగతి కంపెనీలు చూసుకుంటాయి. అక్కడ పోలీసు అవసరమే రాదు.

మన దగ్గర అది వచ్చేదాకా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. బండ్లు కదపకముందే ఫొటోలు తీయండి. నంబరు ప్లేటు, తగిలిన చోటు, రోడ్డు మీది గీతలు, రెండు బండ్లూ కలిసి కనిపించేలా దూరం నుంచి ఒకటి. వెంటనే బండి పక్కకు తీయండి. ఎదుటి బండికి బీమా ఉందో లేదో ఎంపరివాహన్ యాప్‌లో చూడొచ్చు. డబ్బు ఇచ్చినా పుచ్చుకున్నా ఎందుకిస్తున్నదీ అక్కడికక్కడే వాట్సాప్‌లో రాసుకోండి.

కొన్ని సందర్భాల్లో మాత్రం సొట్ట ఎంత చిన్నదైనా పోలీసులను పిలిచి తీరాలి. ఎదుటివాడు తాగి ఉన్నా, నడిపింది మైనరైనా, బండి ఆపకుండా పోయినా, తాళాలు లాక్కున్నా, చేయి చేసుకున్నా, డివైడరో సిగ్నల్ స్తంభమో దెబ్బతిన్నా 112కు ఫోన్ చేయండి. అక్కడ అడగాల్సింది సొట్ట డబ్బుల గురించి కాదు, మీ భద్రత గురించి. తాళం చెవి లాక్కున్నారని చెబితే ఆ కాల్ వరుసలో వెనక్కి పోకూడదు. మెడకు, నడుముకు తగిలిన దెబ్బ ఒక్కోసారి మర్నాటికి గానీ తెలియదు. "ఎవరికీ ఏమీ కాలేదు" అని రోడ్డు మీదే రాసిచ్చేయకండి. 24 గంటల్లోపు స్టేషన్‌లో చెప్పి, అక్కడ రోజువారీ సంగతులు నమోదు చేసే జనరల్ డైరీలో రాయించి, ఆ ఎంట్రీ నంబరు అడిగి తీసుకోండి.

ఆ జనరల్ డైరీ ఎంట్రీ కోసం స్టేషన్‌కు వెళ్లనక్కర్లేని ఏర్పాటు మన పక్కనే కేరళలో ఉంది. ప్రమాదం వివరాలు, ఫొటోలు అక్కడి పోలీసు యాప్‌లో పెడితే, అధికారి పరిశీలించాక బీమాకు కావాల్సిన ఎంట్రీ ప్రతి చేతికొస్తుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పోలీసులకూ యాప్‌లున్నాయి, సాంకేతిక విభాగాలున్నాయి. రెండు బండ్ల నంబర్లు, రెండు ఫోన్ నంబర్లు, నాలుగు ఫొటోలు, ఇద్దరి మాటా పట్టే ఒక్క పేజీని వాటిలో చేర్చమని రెండు ప్రభుత్వాలనూ అడుగుతున్నాను. ఆ పేజీ చాలు, చిన్న నష్టానికి ట్రిబ్యునల్ అక్కర్లేదు అని కంపెనీల చేత ఒప్పించాల్సింది బీమా నియంత్రణ సంస్థ. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే, నానక్‌రాంగూడలో ఉంది.